దారిన పోయే దానయ్య, వెనక సీట్లో అక్కయ్య

మా ఇంట్లో కాగితాలు దాచే రేకు పెట్టె ఒకటి వుంది. ఇంటి పన్ను రసీదులూ, పిల్లల జాతక చక్రాలూ, ఎప్పుడో పాడైపోయిన ఫ్యానుకు ఇచ్చిన గ్యారంటీ చీటీ, అన్నీ అందులో హాయిగా నిద్రపోతూ వుంటాయి. కారు బీమా పాలసీ పడక కూడా అక్కడే. ఏటా పాతది పోయి కొత్తది వస్తుంది. అంతేగాని, ఆరేళ్ళలో ఒక్కసారయినా దాన్ని విప్పి చదివిన పాపాన పోలేదు నేను. కారుకు బీమా వుందా అంటే వుంది. పోలీసు ఆపితే చూపించటానికి వుంది. అంతకు మించి దానితో మనకు పనేమిటి అనుకునేవాణ్ణి.

మొన్న మాఘమాసంలో ఆ పని పడింది.

మా పెద్దక్కయ్యను చేవెళ్ల దగ్గర పల్లెకు ఇచ్చారు. బావగారిది వ్యవసాయం. టమాటాలూ, కారట్లూ పండించి చేవెళ్ల మార్కెట్టుకు వేస్తారు. వాళ్ళ మనవరాలిని తొట్టెలలో వేస్తున్నారంటే నేనూ, మా ఆవిడా హైదరాబాదు నుంచి కారు వేసుకుని వెళ్ళాం. వచ్చేటప్పుడు అక్కయ్యను కూడా వెంటబెట్టుకున్నాం. ఆవిడకు కంట్లో శుక్లం ముదిరింది. పట్నంలో డాక్టరుకు చూపించాలని నా వుద్దేశం.

నిజానికి అక్కయ్య బస్సులో రావలసింది. నలభై ఏళ్ళుగా ఆ దారిన బస్సులోనే తిరిగిన మనిషి ఆవిడ. కాని 2025 నవంబరు 3వ తేదీ ఉదయం చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఒకటి తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును ఢీకొన్నది. కంకరంతా బస్సులోకి ఒరిగింది. 19 మంది పోయారు. చదువుకునే పిల్లలూ, ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళూ, చంటిబిడ్డా. ఆ నాటి నుంచి అక్కయ్యకు బస్సు మెట్టు ఎక్కాలంటే కాళ్ళు వణుకుతాయి. "నీ కారు వున్నది గద తమ్మీ, నీతోనే వస్త" అంది. ఆ మాటలో వున్న నమ్మకం నాకు ఆ పూట ఎంతో గర్వంగా వుండింది.

ఆ రోడ్డు ఎరగనివారికి ఒక మాట చెప్పాలి. అప్పా కూడలి దగ్గర పట్నాన్ని వదిలి, మొయినాబాదు, చేవెళ్లల మీదుగా బీజాపూరు వైపు సాగే రహదారి అది. అటూ ఇటూ తొమ్మిది వందల దాకా పాత మర్రిచెట్లు. ఎండాకాలంలో ఆ నీడన పోతుంటే ఎవరో పందిరి వేసి మనకోసం ఎదురు చూస్తున్నట్టుంటుంది. కాని దారి ఇరుకు. లారీలూ, టిప్పర్లూ, అనంతగిరి చూడబోయే కార్లూ, చిలుకూరు బాలాజీ దర్శనానికి వెళ్ళే భక్తులూ, కూరగాయల ఆటోలూ అన్నిటికీ అదే దారి. రోడ్డు వెడల్పు చెయ్యాలా, చెట్లు నిలపాలా అన్న వివాదం ఏళ్ళ తరబడి హరిత ట్రిబ్యునలు ముందు నడిచింది.

చేవెళ్ల దాటి మొయినాబాదు ఇంకా రాలేదు. సాయంత్రం పొద్దు కళ్ళల్లో కొడుతోందనటానికి కూడా లేదు, పొద్దు మా వెనకనే వుంది. గేదె ఒకటి రోడ్డుకు అడ్డం వచ్చింది. నేను స్టీరింగు పక్కకు తిప్పాను. గేదె బతికిపోయింది. మర్రిచెట్టుకు ఏమీ కాలేదు. మా కారు మూతి మాత్రం అప్పడంలా నలిగింది. ముందు సీట్లో బెల్టులు పెట్టుకున్నాం గనక నాకూ, మా ఆవిడకూ గీతలతో పోయింది. వెనక సీట్లో అక్కయ్య బెల్టు పెట్టుకోలేదు. వెనకవాళ్ళకు కూడా బెల్టు తప్పనిసరి అని నాకు తెలుసు. పెద్దావిడకు ఏం చెబుతాంలే అని ఊరుకున్నాను. కుడిచెయ్యి రెండుచోట్ల విరిగింది.

చెట్టు పక్కనే బండి మీద కంకులు కాల్చి అమ్ముకునే అబ్బాయి ఒకడు పరుగున వచ్చాడు. నీళ్ళు తాగించాడు, ఆటో పిలిచాడు, ఆస్పత్రి దాకా తోడు వచ్చాడు. (ఇలా సాయపడినవారిని కేసుల్లోకి ఈడ్వకూడదని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం రక్షణ ఇచ్చింది. భయపడి పక్కకు తప్పుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి.) చేతికి ఆపరేషను చేసి ప్లేట్లు వేశారు. లక్షా ఎనభై మూడు వేలు అయింది.

రాత్రికి రాత్రి బావగారు వచ్చారు. ఒక్క నిష్ఠూరపు మాట అనలేదు. "పాణం దక్కింది, గదే పదివేలు" అన్నారు. కాసేపాగి, "కారుకు బీమా ఉన్నది గద బామ్మర్దీ? దవాఖాన పైసలు వాళ్ళిస్తరు గద?" అని అడిగారు.

"ఎందుకివ్వరు బావా!" అన్నాను ధీమాగా.

మర్నాడు రేకు పెట్టె తెరిచి, పాలసీ తీసుకుని, బీమా ఆఫీసులో పని చేసి రిటైరయిన మా స్నేహితుడి దగ్గరికి వెళ్ళాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని మొదటి పేజీ చూసి, నాకేసి జాలిగా చూశారు.

"ఇది థర్డ్ పార్టీ పాలసీ అండీ. ఉత్త చట్టం పాలసీ" అన్నారు.

"అయితేనేం?"

"థర్డ్ పార్టీ అంటే మూడో మనిషి. మొదటి మనిషి మీరు. రెండో మనిషి కంపెనీ. మీ కారు వల్ల దెబ్బతిన్న పరాయివాడు మూడో మనిషి. ఈ కాగితం వాడికోసం వుంది."

"మా అక్కయ్య నేనూ కాదు, కంపెనీ కాదు. ఆవిడ మూడో మనిషే కదండీ?"

"లెక్కకు అలాగే కనిపిస్తుంది. కాని ఈ పాలసీలో కాదు. డబ్బియ్యకుండా మీ కారులో కూర్చున్న మీ వాళ్ళు ఇందులోకి రారు."

నాకు నోట మాట రాలేదు. రెండేళ్ళ కిందట రెన్యూవలు చేసేటప్పుడు, "పాత కారే గదా, థర్డ్ పార్టీ చాలు" అని నేనే అన్నాను. అయిదు వేల చిల్లర మిగిలింది. ఆ డబ్బుతో ఏం కొన్నామో ఇప్పుడు గుర్తు కూడా లేదు.

ఆయన నిదానంగా విడమరిచి చెప్పారు. నేను ఆ కంకుల బండిని గుద్ది వుంటే, బండి నష్టానికి ఏడున్నర లక్షల రూపాయల దాకా కంపెనీ పూచీ. ఆ అబ్బాయికే దెబ్బ తగిలి వుంటే, ట్రిబ్యునలు ఎంత నిర్ణయిస్తే అంత, దానికి పైమెట్టు లేదు. ఇంతెందుకు, ఆ గేదె చచ్చిపోయినా దాని ఖరీదుకు దారి వుండేది. నా కారుకు మాత్రం పైసా లేదు. నా పక్కన మా ఆవిడకు లేదు. వెనక సీట్లో అక్కయ్యకు లేదు. దారిన పోయే దానయ్యకు వున్న భరోసా, తోడబుట్టిన అక్కయ్యకు లేదన్నమాట!

కోపం వచ్చింది. ఎవరి మీద కోపపడాలో తెలియలేదు. ఆలోచిస్తే ఇందులో అన్యాయమూ లేదు. ఈ చట్టం పుట్టిందే పరాయివాడి కోసం. మోటార్లు కొత్తగా వచ్చిన రోజుల్లో, కారు కింద పడ్డవాడు కోర్టులో గెలిచినా కారు యజమాని చేతులెత్తేస్తే చేసేదేమీ వుండేది కాదు. అందుకని బ్రిటనులో 1930లో బీమా తప్పనిసరి చేశారు. మన దేశంలో 1939 నాటి చట్టంలో రాసుకున్నా, అమలు మొదలైంది 1946 జూలై 1న. ఇప్పుడున్నది 1988 చట్టం. బీమా లేకుండా బండి తీస్తే మొదటిసారి రెండు వేల రూపాయల జరిమానా గాని, మూడు నెలల దాకా జైలు గాని, రెండూ గాని. అంటే, మన బండి వల్ల ఊరివాళ్ళకు అపకారం జరగకుండా సర్కారు కాపలా పెట్టింది. మన ఇంటివాళ్ళకు కాపలా పెట్టుకోవటం మన పని అని వదిలేసింది. ఆ వదిలేసిన సంగతి మనం చదువుకోలేదు.

కోర్టులు కూడా ఇదే చెప్పాయి. 2006లో ఒక స్కూటరు వెనక కూర్చున్న వ్యక్తి కేసులో, చట్టం పాలసీ ఒక్కటే వుంటే కంపెనీకి బాధ్యత లేదని సుప్రీంకోర్టు తేల్చింది. సమగ్ర పాలసీ, అంటే కాంప్రిహెన్సివ్ లేదా ప్యాకేజీ అంటారే, అది వుంటే కారులో వున్నవారికీ, స్కూటరు వెనక కూర్చున్నవారికీ కంపెనీ బాధ్యత వుంటుందని బీమా నియంత్రణ సంస్థ 2009లో స్పష్టం చేసింది. సుప్రీంకోర్టు 2012లో మరో కేసులో ఆ తేడానే ఖాయపరిచింది. పాఠకులు దయచేసి ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, ఇంట్లో వున్న స్కూటరు పాలసీ మీద ఏ మాట రాసి వుందో చూడండి. స్కూటరు వెనక రోజూ కూర్చునేది ఎవరో మీకు నేను చెప్పనక్కరలేదు.

బస్సు సంగతి వేరు. టిక్కెట్టు కొని బస్సో, ఆటోవో ఎక్కిన ప్రయాణికుడి బాధ్యత ఆ బండి మీద వుండేలా చట్టమే చూసింది. బస్సంటే భయపడి, నన్ను నమ్ముకుని నా కారెక్కింది అక్కయ్య. చట్టం వేసిన గొడుగు కిందనుంచి వచ్చి, నేను వెయ్యని గొడుగు కింద కూర్చుంది.

ఇక్కడ రెండో పాఠం. సమగ్ర పాలసీ వుంటే అన్నీ తీరిపోతాయా? తీరవు. అక్కయ్యకు పరిహారం కావాలంటే మోటారు ప్రమాదాల ట్రిబ్యునలులో అర్జీ పెట్టుకోవాలి. అంటే తమ్ముడి మీదా, కంపెనీ మీదా అక్కయ్య కేసు వెయ్యాలన్నమాట! అర్జీకి ఆరు నెలల గడువు పెడుతూ 2022 ఏప్రిల్ 1 నుంచి నిబంధన కూడా వచ్చింది. కనక దానికి తోడుగా, ప్రయాణికులకు ప్రమాద బీమా అని ఒకటి అడిగి చేర్పించుకోవచ్చు. పేర్లు అక్కరలేదు, సీట్ల లెక్కన ఇస్తారు. ఖర్చు స్వల్పం. కాని అది మరణానికో, శాశ్వత వైకల్యానికో ఇచ్చేది. విరిగి అతుక్కున్న చేతికి పైసా రాదు. ఆస్పత్రి బిల్లుకు ఆరోగ్య బీమా ఒక్కటే దిక్కు. మా అక్కయ్యకు అదీ లేదు.

మరొక సదుపాయం వుండీ నాకు తెలియలేదు. 2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వం ఒక పథకం ప్రకటించింది. రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి, పథకంలో చేరిన ఆస్పత్రిలో, మొదటి ఏడు రోజులూ లక్షన్నర రూపాయల దాకా వైద్యం నగదు లేకుండా చెయ్యాలి. బీమా వుందా లేదా అన్న ప్రశ్న లేదు. ఆ రాత్రి ఆస్పత్రిలో ఆ మాట అడగాలని నాకు తోచలేదు. అడగటం కోసమైనా ముందు తెలిసి వుండాలి గదా!

నా సంగతి ఏమిటని అడిగాను. "యజమానే నడుపుతూ పోతే పదిహేను లక్షలు" అన్నారు మా స్నేహితుడు. యజమానికి వ్యక్తిగత ప్రమాద బీమా 2018 నుంచి పదిహేను లక్షలకు పెరిగింది. కాని ఇందులో మెలిక చూడండి. ఆ డబ్బు బండి ఎవరి పేర వుందో వారికే. వారికి చెల్లే లైసెన్సు వుండాలి. మా కారు నా పేర వుంది. నడిపేది చాలాసార్లు మా అబ్బాయి. వాడికి ఏమయినా అయితే ఈ పదిహేను లక్షలూ వాడివి కావు. తన నిర్లక్ష్యం వల్లనే మరణించిన డ్రైవరు వారసులు కంపెనీని పరిహారం అడగలేరని 2025 జూలైలో కర్ణాటక కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు చెప్పింది. తండ్రి పేర బండి, కొడుకు చేతిలో తాళం వున్న ఇళ్ళు మన చుట్టూ ఎన్ని లేవు! పిల్లవాడి పేర వేరే ప్రమాద బీమా ఒకటి తీసుకోవటం వినా మార్గం లేదు.

ఇంకొక పొరపాటు కొత్త కారు కొన్నవాళ్ళు చేసేది. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ళు, కొత్త స్కూటరుకు అయిదేళ్ళు థర్డ్ పార్టీ బీమా ఒక్కసారే కట్టించుకుంటున్నారు. ఇక మూడేళ్ళు నిశ్చింత అనుకుంటారు. సొంత నష్టం భాగం చాలామందికి ఒక్క ఏడాదితోనే ముగుస్తుంది. రెండో ఏట కారు చెట్టుకు కొట్టుకున్నాక గాని ఆ సంగతి బయటపడదు.

సొంత నష్టం వున్నా, బిల్లంతా వస్తుందనుకోకండి. ప్లాస్టిక్కు, రబ్బరు సామాన్లకు సగమే ఇస్తారు. అద్దాలకు తరుగు లేదు. ఆ తరుగు వద్దనుకుంటే కొంత ఎక్కువ కట్టి, తరుగు లేని పాలసీ తీసుకోవాలి. బాగుచేసే ఖర్చు పాలసీలో రాసిన కారు విలువలో 75 శాతం దాటితే కారు పూర్తిగా పోయినట్టే లెక్క, ఆ రాసిన విలువే చేతికొస్తుంది. అందుకని ప్రీమియం తగ్గుతుందని ఆ విలువ తగ్గించి రాయించుకోవటం మన గోతిని మనమే తవ్వుకోవటం. క్లెయిము చెయ్యకపోతే సొంత నష్టం ప్రీమియంలో ఏటేటా 20 నుంచి 50 శాతం దాకా తగ్గింపు పెరుగుతుంది. అది మనిషిదే గాని కారుది కాదు. కారు అమ్మినా మనతోనే వస్తుంది. గడువు దాటి తొంభై రోజులు నిద్రపోతే మాత్రం పోతుంది.

మరి పాత కారు కొనుక్కున్నవారు? బండి మన పేరు మీదికి మారినంత మాత్రాన పాలసీ పూర్తిగా మారదు. పద్నాలుగు రోజుల్లో కంపెనీకి అర్జీ పెట్టుకోవాలి. పరాయివాడి రక్షణ చట్టం ప్రకారం బండి వెంటే వస్తుంది. మన కారు నష్టం మాత్రం అడిగి రాయించుకుంటేనే. ఇంటి కారును పెళ్ళివారికి కిరాయికిచ్చి నాలుగు రాళ్ళు సంపాదించేవారు కూడా జాగ్రత్త. ఇంటి వాడకానికి రాయించిన పాలసీ కిరాయి ప్రయాణంలో నిలవదు.

చిలుకూరు బాలాజీ గుడి దగ్గర కొత్త కార్లకు పూజలు చేయించటం మీరూ చూసే వుంటారు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. మేమూ చేయించాం. కోరిక తీరితే అక్కడ 108 ప్రదక్షిణలు చెయ్యటం ఆచారం. మా ఆవిడ అవీ చేసింది. అన్ని ప్రదక్షిణలు చేసిన ఇంట్లో, నాలుగు పేజీల కాగితాన్ని ఒక్కసారి తిరగేసినవాళ్ళు లేకపోయారు. దేవుడి మీద భారం వెయ్యటం మంచిదే. చదవటం కూడా ఆయనమీదే వేస్తే ఎలా?

ఇక బిల్లు. బావగారు కారట్ల డబ్బు మూటగట్టి తెచ్చారు. బోరు వేయించుకోవాలని దాచుకున్న డబ్బు అది. నేను వద్దన్నాను. ఆయన వినలేదు. చివరికి మా ఆవిడ లోపలికి వెళ్ళి, బ్యాంకులో మా అబ్బాయి చదువుకని వేసిన డిపాజిట్టు కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. ఎవ్వరూ ఎవ్వరినీ ఏమీ అనలేదు. అందరం ఇంతింత గట్టిగా ఏదైనా అనుకుంటే బాగుండుననిపించింది నాకు. అయిదు వేల మిగులుకు లక్షా ఎనభై మూడు వేల వడ్డీ అది. అక్కయ్య కంటి ఆపరేషను ఆరు నెలలు వెనక్కు పోయింది.

కట్టు విప్పాక చేవెళ్ల వెళ్ళి, సమగ్ర పాలసీ వుంటే ఏమయ్యేదో అక్కయ్యకు చెప్పాను. "నా మీద కేసు వెయ్యవలసి వచ్చేదక్కయ్యా" అన్నాను.

"నీ మీద కేసేసి గెలిచి, రాఖీ పున్నానికి ఏం మొకం పెట్టుకొని వచ్చేదాన్ని తమ్మీ!" అని నవ్వింది. నవ్వుతూనే చెయ్యి సవరించుకుంది. అది ఇంకా పూర్తిగా పైకి లేవటం లేదు.

మొన్న మా పాలసీ గడువు తీరింది. ఈసారి సమగ్ర పాలసీ తీసుకున్నాను. అయిదు సీట్లకూ ప్రమాద బీమా చేర్పించాను. మా అబ్బాయి పేర వేరే పాలసీ, బావగారికీ అక్కయ్యకూ కలిపి ఆరోగ్య బీమా తీసుకున్నాం. కొత్త కాగితాన్ని రేకు పెట్టెలో పడుకోబెట్టలేదు. వెంట తీసుకుని మళ్ళీ అదే దారిన, అవే మర్రిచెట్ల కింద, చేవెళ్ల వెళ్ళాను. ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పైకి చదివాను. బావగారు మధ్యలో ఒక కునుకు తీశారు. అక్కయ్య మాత్రం తీయలేదు. అంతా విని, శుక్లం కమ్మిన కళ్ళను కాగితానికి దగ్గరగా తెచ్చి అడిగింది:

"గీ కాయిదంల నేనేడున్న తమ్మీ?"

ఆవిడ కుడిచేతి వేలు మెల్లగా పట్టుకుని, ఆ వరస మీద పెట్టి చూపించాను.